ఆవగింజ మీద కోడి

మా మరిది తిరుపతిసామికి ముక్కు ఉండేది గానీ, అది పని చేసేది కాదు. చూడటానికి లోపమేమీ లేదు. నిటారుగా, మా మామగారి ముక్కులాగే ఉండేది. లోపలున్నదంతా మిరపకాయలు తినేశాయి, అంతే.

పదిహేడో ఏట వాడు విరుదునగరంలో మిరపకాయల మండీలో చేరాడు. అప్పట్లో ఆ ఊరిని విరుదుపట్టి అనేవాళ్ళు. నా నోటికి ఇప్పటికీ ఆ పేరే వస్తుంది. విళాత్తికుళం వైపునుంచి బండ్లలో వచ్చిన కాయను గిడ్డంగిలో కుప్ప పోయాలి, తాలుకాయ ఏరాలి, నీళ్ళు చిలకరించాలి, ఆ పైన సంచిలోకి దిగి కాళ్ళతో తొక్కి కుక్కాలి. అదీ వాడి పని. కొత్తగా చేరినవాడు మొదటి నెల తుమ్ముతాడు. రెండో నెల ఏడుస్తాడు. మూడో నెల పారిపోతాడు. పారిపోకుండా నిలబడితే వాడి ముక్కు చచ్చిపోతుంది, ఇక వాడికి ఏ బాధా ఉండదు. మావాడు పారిపోలేదు. పద్నాలుగేళ్ళు తొక్కాడు. నడుం దాకా మిరపకాయల్లో మునిగి, ఎవరో చెరువులో స్నానం చేస్తున్నట్టు పాడుకుంటూ తొక్కేవాడు.

నాకు వదినగా ఇందులో లాభమే ఉండేది, దాచడం దేనికి? చారు అడుగంటిన రోజు కూడా, "ఈపొద్దు చారు బాగుండాది వదినె" అని రెండోసారి పోయించుకునేవాడు. మా ఆయన చెల్లసామి అదే చారుకు కంచం తోసేసి లేచిపోయేవాడు. ఒకసారి తిరుపతిసామి చాపకింద ఎలుక చచ్చి మూడు రోజులు అలాగే ఉంది. ఇల్లంతా ముక్కులు మూసుకుని వెతుకుతుంటే వాడు ఆ చాపమీదే పడుకుని, "ఏమి వెతుకుతాండారు?" అని అడిగాడు.

చిక్కంతా పక్కవాళ్ళకి. వాడి ఒంట్లో, జుట్టులో, బట్టల్లో ఆ ఘాటు ఉండిపోయింది. వాడు వీధి మలుపు తిరిగితే మా మేక తుమ్మేది. మేక తుమ్మితే ఫరవాలేదు. పెళ్ళిచూపుల్లో మనుషులు తుమ్మితేనే ప్రమాదం.

మా వాళ్ళలో తుమ్ముకు ఒక పద్ధతి ఉంది. మంచిపని మొదలుపెట్టేటప్పుడు ఒంటి తుమ్ము పడిందంటే ఆ పని ఆపేయాలి. వెంటనే రెండో తుమ్ము పడితే దోషం లేదు. అందుకని ఒకటి పడగానే అందరూ ఎక్కడివాళ్ళక్కడ ఆగి రెండోదాని కోసం చూస్తారు. తుమ్మిన మనిషి మాత్రం అడుగు కదపకూడదు. కదిపితే ఒంటి తుమ్మే ఖాయమైపోతుంది.

విళాత్తికుళంలో మొదటి సంబంధం చూశాం. పిల్ల తండ్రి తాంబూలం తట్ట ఎత్తాడు, మా మరిది దగ్గరికి వచ్చాడు, తుమ్మాడు. ఒకటే. మధ్యాహ్నం దాకా మేమందరం ఆయన మొహంలోకి చూస్తూ కూచున్నాం. ఆయన పాపం తట్ట పట్టుకునే కళ్ళు మూసి, నోరు తెరిచి, తల వెనక్కి వంచి... ఆవులించాడు. ఏళాయిరంపన్నైలో రెండో సంబంధం. అక్కడ పిల్లే తుమ్మింది. వాళ్ళు మాకు అన్నం పెట్టి, మజ్జిగ పోసి, మర్యాదగానే పంపించేశారు.

వచ్చేటప్పుడు బండిలో మా మరిది అన్నాడు. "ఇంక సాలు వదినె. పోయిన సోటంతా పొణ్ణుని సూసేది పోయి తుమ్మును సూస్తాండాము."

"అట్ల సెప్పద్దురా. నీకేమి తక్కువ?"

"నాకు తక్కువ లేదు. పక్కన ఉండేవాళ్ళకే ముక్కు ఎక్కువ."

నవ్వుతూనే అన్నాడు గానీ ఆ రాత్రి అన్నం తినలేదు. అప్పటికి వాడికి ముప్పై ఒకటి. వాడి ఈడువాళ్ళ పిల్లలు మండీ ముందర గోళీలాడుతున్నారు. వాణ్ణి ఒక ఇంటివాణ్ణి చెయ్యాలని నాకు పంతం పట్టుకుంది.

ఆ ఏడే మండీలో గోడగడియారం ఆగిపోయింది. బాగుచెయ్యడానికి కోవిల్‌పట్టినుంచి దామోదరసామి అనే గడియారాలాయన రైల్లో వచ్చాడు. మావాళ్ళే, తెలుగువాళ్ళే. ఆయన ముక్కాలిపీట ఎక్కాడు, తుమ్మాడు. గడియారం తలుపు తెరిచాడు, తుమ్మాడు. పీట పట్టుకుని నిలబడ్డ మా మరిది లెక్కపెట్టాడట, పంతొమ్మిది తుమ్ములు.

"నీకు రాదా?" అని అడిగాడు దామోదరసామి కళ్ళు తుడుచుకుంటూ.

"పద్నాలుగేండ్లాయె సామీ."

"ఒక్కటి కూడా?"

"జలుబు సేసినా రాదు."

ఆయన పీట దిగి, సంతలో ఎద్దు మూతి పట్టి చూసినట్టు మా మరిది ముక్కు రెండు వేళ్ళతో పట్టి అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఈ ముక్కు నాకు కావాల" అన్నాడు.

ఎందుకంటే చెబుతాను. ఆ దామోదరసామికి ఒక పిచ్చి ఉండేది. కంటికి అద్దం బిగించుకుని, సూదిని అరగదీసి ఉలి చేసుకుని, కంటికి ఆనని బొమ్మలు చెక్కేవాడు. చింతగింజ మీద నంది. బియ్యపు గింజ మీద గోపురం. సూదిబెజ్జంలో నీళ్ళు తోడే రెండెద్దుల కపిల. అగ్గిపుల్ల కొనమీద రైలింజను. అలాంటివి పదకొండు చేసి, కొట్టు పక్క గదిలో పెట్టెలమీద పెట్టి, ఒక్కోదానికి ఒక్కో భూతద్దం అమర్చి జనానికి చూపించేవాడు. మద్రాసు చూసొచ్చినవాళ్ళు దాన్ని మ్యూజియం అనేవాళ్ళు. మిగతా ఊరంతా ఆవగింజ కొట్టు అనేది. ఒక ముసలామె సంచి తెచ్చుకుని అరపడి ఆవాలు అడిగి, ఒక్కటే ఉందంటే తిట్టిపోసింది కూడా.

ఆ ఒక్క ఆవగింజే అన్నిటికన్నా గొప్పది. దాని మీద కోడి, కోడి చుట్టూ పిల్లలు. ఉడుత తోకలోని ఒక్క వెంట్రుకతో రంగు వేశాడు. తొమ్మిది నెలలు పట్టిందట. ఒక చొక్కా గుండీ గుంటలో ఆ గింజ నిలబెట్టాడు. మీద గాజుమూత పెడితే మెరుపు వచ్చి కోడి కనబడదని మూత పెట్టలేదు. అందుకే ఆయనకు గాలంటే భయం. ఆడి మాసమంతా, అంటే ఆషాఢంలో, ఆ ఊరి గాలికి గది తలుపే తీసేవాడు కాదు. గాలికన్నా తుమ్మంటే భయం. లోపలికొచ్చే ప్రతి మనిషీ ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకోవాలి. కాపలాకి ముందు మాయాండి అని ఒకతను ఉండేవాడు, నస్యం పీల్చే అలవాటు. ఒకరోజు గుడ్డ తీసి ఒక్క తుమ్ము తుమ్మాడు. నువ్వుగింజ మీది ఎద్దులబండి, ఎద్దులు, బండివాడు అందరూ వెళ్ళిపోయారు. ఇప్పటిదాకా దొరకలేదు.

అలా మా మరిది మండీ వదిలి కోవిల్‌పట్టిలో బొమ్మలకు కాపలా కుదిరాడు. చేరిన రోజే దామోదరసామి ఒక మాట చెప్పాడు. "తిరుపతీ, ఏది పోయినా నేను మల్లా సేసుకుంటాను. కోడిని సెయ్యలేను, నా కండ్లు పోతాండాయి. కోడి పోతే నువ్వూ పో."

నెల రోజులు నేనే సీకాయ పెట్టి వాడి తల రుద్దించాను. పాత బట్టలన్నీ పారేయించాను. ఆరు నెలలకు వాడు పండగకు ఇంటికొస్తే మేక తుమ్మలేదు. నాకెంత సంతోషమో! ఆ సంతోషంలో నేనూ ఒకసారి ఆ గది చూడటానికి పోయాను. కోడి కనబడింది, నిజమే. పిల్లలు మూడే కనబడ్డాయి. మా ఆయన నాలుగన్నాడు. దామోదరసామి అయిదని ఒట్టు వేశాడు. ఆ గదిలోకి వచ్చేవాళ్ళంతా ఇదే తగువు.

కానీ అక్కడ నాకొక ఆలోచన తట్టింది. మనుషులందరూ ముక్కుకి గుడ్డ కట్టుకునే చోటు ఈ భూమ్మీద ఇదొక్కటే. పెళ్ళిచూపులు ఇక్కడే పెడితే ఎవడు తుమ్ముతాడు?

కయత్తారు పక్కన నల్లసామి అనే రైతు ఉన్నాడు, ఆయన కూతురు పుష్పం. పంతొమ్మిదేళ్ళు. మనిషి నెమ్మది. ఆ ఇంట్లో మాట మాత్రం నల్లసామిది కాదు, ఆయన తల్లి పెరియనాయగిది. డెబ్బై దాటిన మనిషి, నిలువెత్తు, చెవులకి బరువైన పాంబడాలు. పెళ్ళికొడుకును అక్కడికే వచ్చి చూడమని ఆమెకు కబురు పంపాను. "మాప్పిళ్ళ ఉద్యోగం సేసే చోటు సూసినట్టూ ఉంటాది, మాప్పిళ్ళను సూసినట్టూ ఉంటాది" అని. ఊరికే చూపిస్తామనేసరికి ఆమె ఒప్పుకుంది.

తై నెలలో, సంక్రాంతి పోయాక, ఒక శుక్రవారం పొద్దున. నేనూ మా ఆయనా రైల్లో కోవిల్‌పట్టి దిగాం. ఇక్కడ నేను చేసిన తప్పు చెప్పాలి, ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. మాప్పిళ్ళ కదా, జరీ అంచు ఉత్తరీయం ఉంటే బాగుంటుందని, వాడి ఇనపపెట్టెలోంచి ఒకటి తీసి తీసుకుపోయాను. ఆ పెట్టె పద్నాలుగేళ్ళు ఎక్కడుందో నాకు గుర్తు రాలేదు. గిడ్డంగిలో, మిరప సంచుల కింద! నాకు ఆ రోజు జలుబు, మా మరిదికి ఎలాగూ ముక్కు లేదు. వాడి భుజాన నా చేత్తో నేనే వేశాను. "రాజా మాదిరి ఉండావురా" అని కూడా అన్నాను.

పెరియనాయగవ్వ గడపలోనే ఆగిపోయింది.

"ముక్కుకి గుడ్డ ఎందుకయ్యా? నేనేమి సచ్చినానా?"

"బొమ్మలు సిన్నవి అవ్వా, ఊపిరి తగిలితే ఎగిరిపోతాయి" అన్నాడు దామోదరసామి.

"ఊపిరికి ఎగిరేది బొమ్మేనా? మా ఊళ్ళో బొమ్మను నలుగురు మోస్తారు."

అయినా కట్టించుకుంది. నల్లసామి, పుష్పం, మేము, అందరం కట్టుకున్నాం. పెళ్ళిచూపులకి వచ్చినట్టు లేదు, దొంగతనానికి వచ్చినట్టుంది. పిల్లకి మాప్పిళ్ళ కళ్ళే కనబడ్డాయి, మాప్పిళ్ళకి పిల్ల కళ్ళే కనబడ్డాయి. రెండు జతల కళ్ళూ బెదురుగానే ఉన్నాయి.

అవ్వ ఒక్కో పెట్టె దగ్గరా వంగి చూసింది. నందిని చూసి, "దీనికి మేత పెట్టేది లేదా? ఇంత సిక్కిపోయింది" అంది. రైలింజను దగ్గర, "ఇందులో ఎవుడు ఎక్కేది?" అని అడిగింది. మా మరిది ఓపిగ్గా, "సీమలు ఎక్కుతాయి అవ్వా" అన్నాడు. గుడ్డ వెనక పుష్పం నవ్వినట్టు నాకు అనిపించింది. పని కుదిరిందనుకున్నాను.

చివరికి ఆవగింజ. అవ్వ భూతద్దానికి కన్ను ఆనించి పిల్లల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టింది. "ఒకటి... రెండు..." మా మరిది అద్దం సరిచెయ్యడానికి పక్కన వంగాడు. భుజంమీది ఉత్తరీయం జారి, మడత విప్పుకుని, సరిగ్గా అవ్వ మొహం ముందు వేలాడింది.

అవ్వ తుమ్మింది.

గుడ్డ ఉంది కాబట్టి కోడి కదల్లేదు. నల్లసామి అలవాటుకొద్దీ, నూరేళ్ళు బతకాలని, "నూరు!" అని దీవించి, వెంటనే నాలుక కరుచుకున్నాడు. అందరం నిలబడిపోయాం. రెండోది వస్తుందని చూశాం. రాలేదు.

"ఒంటి తుమ్ము" అంది అవ్వ.

"అవ్వా, అట్ల వాకిట్లోకి పోయి రెండోది తుమ్ముదువు, రా" అన్నాడు దామోదరసామి బతిమాలుతూ.

"అడుగు కదిపితే ఖాయమైపోతాది. ఈడనే తుమ్ముతాను. ఈ గుడ్డ తీయండి, ఊపిరాడలా."

"గుడ్డ తీస్తే కోడి పోతాది!"

"గుడ్డ తీయకుంటే సంబందం పోతాది!"

నేను మా మరిది మొహం చూశాను. రెండో తుమ్ము రాకపోతే పిల్ల పోతుంది. వస్తే కోడి పోతుంది, కోడితో పాటు ఉద్యోగం పోతుంది. పెట్టె జరుపుదామంటే గోడకు మేకులు కొట్టి ఉంది. గుండీ ఎత్తుదామంటే దామోదరసామి చేతులు అప్పటికే జొన్నాకులా ఊగుతున్నాయి. ఆ చేతుల్లో గుండీ నిలవదు.

మా మరిది ఇంకేమీ ఆలోచించలేదు. పెట్టెకు ఇవతలి పక్క, అవ్వకు ఎదురుగా, మోకాళ్ళ మీద కూచుని, గడ్డం పెట్టె అంచుకి ఆనించి, రెండు చేతులూ గింజకి అటూ ఇటూ గోడల్లా పెట్టాడు. తన గుడ్డ ముక్కుమీదినుంచి జారిపోయినా పట్టించుకోలేదు. "తుమ్ము అవ్వా. నేను పట్టుకుంటాను" అన్నాడు.

అవ్వ గుడ్డ పీకేసింది. పెంకుల సందులోంచి వచ్చే ఎండకేసి చూసింది. రాలేదు. చీపురుపుల్ల అడిగింది. ఇచ్చింది నేనే. నాకు కోడికన్నా మరిది ముఖ్యం. పుల్లతో గెలుక్కుంది, రాలేదు. దామోదరసామి గోడకి తిరిగి దండం పెట్టుకుంటున్నాడు, ఏ దేవుడికో తెలియదు.

అవ్వ ముక్కు ఎగబీల్చింది. "ఇందాక ఏదో ఘాటు తగిలెనే. ఏడనుంచి వచ్చింది?" అని చుట్టూ చూసి, మా మరిది ఉత్తరీయం కొస అందుకుని, మొహమంతా అందులో పెట్టుకుని, లాగి పీల్చి, వదిలేసింది.

అలాంటి తుమ్ము నేను మండీ పక్కన ఇరవయ్యేళ్ళు ఉండి కూడా వినలేదు. పాంబడాలు రెండూ చెంపలకు కొట్టుకున్నాయి. వీధిలో కుక్క లేచి మొరిగింది.

"ఇన్నూరు!" అని, రెండు తుమ్ములకి రెండు నూర్లు లెక్కన, అరిచాం అందరం. దోషం పోయింది! నల్లసామి తాంబూలం తట్ట కోసం సంచిలో చెయ్యి పెట్టాడు. అంతలో దామోదరసామి అద్దంలోకి చూసి, మనిషి చచ్చినంత కేక పెట్టాడు.

"కోడి లేదు!"

గుండీ ఉంది. గుంట ఖాళీ.

ఎవరూ కాళ్ళు కదపొద్దని ఆయన ఆజ్ఞ. అందరం ఉన్నచోటే మోకాళ్ళమీద కూలబడి, అరచేతులతో నేల తడిమాం. నల్లసామికి ఒక చీమ తల దొరికింది. మా ఆయనకి ఆవగింజ దొరికింది! అద్దం కింద పెట్టి చూస్తే కోడి లేదు. ఇంకో ఆవగింజ దొరికింది. దానిమీదా లేదు. అలా పదకొండు ఆవగింజలు దొరికాయి. అన్నీ వేగినవే. దారిలో తినడానికి నేను కట్టుకొచ్చిన పులిహోర మూట కారుతోందని అప్పుడు తెలిసింది.

దామోదరసామి గోడకి చేరగిలబడ్డాడు. "తొమ్మిది నెలలు" అన్నాడు. కాసేపయ్యాక, "తిరుపతీ, నీమీద కోపం లేదు. అయినా సెప్పిన మాట సెప్పిందే. నువ్వు పో" అన్నాడు.

"సరి సామీ" అన్నాడు మా మరిది. వాడు ఇంకా గుండీ ముందరే కూచుని ఉన్నాడు.

అవ్వ నడుం పట్టుకుని లేచి నావైపు తిరిగింది. "ఏమమ్మా బొమ్మక్కా, కొలువు పోయినవాడికి పొణ్ణును ఎట్ల ఇచ్చేది?"

"నీ తుమ్ముకే కదా అవ్వా పోయింది!"

"నా తుమ్ము దోసం తీసేదానికి వచ్చింది. కోడిని ఎవురు ముందర పెట్టమన్నారు?"

నాకూ కోపం వచ్చింది, రెండు మాటలు గట్టిగానే అన్నాను. అప్పుడు, వచ్చినప్పటినుంచి నోరు విప్పని పుష్పం అడిగింది. "ఇందాక తుమ్మినప్పుడు ఆయన ఏడ ఉండినారు?"

"ఈడనే, ఇట్లనే" అన్నాడు మా మరిది.

"నోరు తెరిసుండినారా?"

"మూసుండినాను."

ఆ పిల్ల అవ్వ నిలబడిన చోటు చూసింది, గుండీ చూసింది, మా మరిది మొహం చూసింది. లేచి, దామోదరసామి కంటికున్న అద్దం అడిగి తీసుకుంది. ఆయన తెల్లబోయి ఇచ్చేశాడు.

"వాకిలి పక్క తిరగండి. తల ఎత్తండి."

మా మరిది ఎత్తాడు. ఆ పిల్ల అద్దం కంటికి పెట్టుకుని, ఒక చేత్తో వాడి గడ్డం పట్టుకుని, ముక్కులోకి చూసింది. పెళ్ళిచూపులు నేను చాలా చూశాను. పిల్లను నడిపించి చూస్తారు, పాడించి చూస్తారు. పిల్ల మాప్పిళ్ళను ఇంత లోపలికి చూడటం మాత్రం అదే మొదలు.

"ఎడమపక్క లేదు" అంది. "కుడిపక్క... ఆ! ఉండాది! కోడి ఉండాది!"

దామోదరసామి ఒక్క గంతు వేశాడు. "పిల్లలు? పిల్లలెన్ని ఉండాయి?"

"ముక్కు వెంటికల్లో ఎన్నని సూసేది?"

"నీకు తెలీలేదారా?" అని నేను మరిదిని అడిగాను.

"ఈ ముక్కులో ఏనుగు దూరినా నాకు తెలీదు వదినె."

చీదమంటే పొడి ముక్కలై పోతుందని దామోదరసామి ఒప్పుకోలేదు. తన చిన్న పట్టకారు తెచ్చాడు, చెయ్యి చూస్తే వణుకుతోంది. అవ్వ ఆ పట్టకారు లాక్కుని మనవరాలి చేతిలో పెట్టింది. "మా ఊళ్ళో ఎవురి కాలికి తుమ్మముల్లు దిగినా తీసేది ఇదే. ఏడిసే బిడ్డ కాల్లో ముల్లు తీస్తాది, ఇది ఎంత?"

పుష్పం మా మరిది ముందర కూచుంది. "ఊపిరి బిగబట్టండి" అంది.

బిగబట్టాడు.

"కండ్లు మూయద్దు. మూస్తే మొహం అదురుతాది."

కళ్ళు తెరిచి ఆ పిల్లనే చూస్తూ కూచున్నాడు. ఇంకేం చూస్తాడు, ఆ పిల్ల మొహం జానెడు దూరంలో ఉంది. పట్టకారు లోపలికి పోయింది. ఒకసారి జారింది. రెండోసారి జారింది. వాడి చెవులు ఎర్రబడ్డాయి, మెడ నరాలు తేలాయి. మాలో ఒక్కరం కూడా ఊపిరి తియ్యలేదు. మూడోసారి పట్టకారు మెల్లగా బయటికి వచ్చింది. దాని కొసన ఒక నల్లటి చుక్క.

గుండీ గుంటలో దాన్ని పెట్టి పుష్పం లేచింది. దామోదరసామి అద్దంలోకి చూసి ఏడ్చాడు. నల్లసామి నిట్టూర్చి తట్ట బయటికి తీసి, ఆకు, వక్క, అరటిపళ్ళు సర్దాడు. అవ్వ ఊరుకోలేదు. "ఇంతమంది ముందర మా పొణ్ణు వీడి ముక్కులో సెయ్యి పెట్టేసె. ఇంక వేరే ఎవురికి ఇచ్చేది?" అంది. అంటే ఒప్పుకున్నట్టే. నల్లసామి తట్ట ఎత్తి మా ఆయనకి అందించబోయాడు.

అప్పుడు మా మరిది బిగబట్టిన ఊపిరి వదిలాడు. వదిలి, మళ్ళీ పీల్చాడు. వాడి మొహం ఏదోలా అయింది. ఇదేమిటి అన్నట్టు నావైపు చూశాడు.

తుమ్మాడు.

దామోదరసామి తలపాగా తీసి కోడి మీద బోర్లించాడు, ఆ చేతులకి అంత చురుకు ఎక్కడిదో! కోడికేమీ కాలేదు. కానీ నల్లసామి చేతిలో తట్ట గాల్లోనే ఆగిపోయింది.

"ఒంటి తుమ్ము" అంది అవ్వ. ఈసారి ఆమె గొంతులో కూడా బాధ ఉంది.

మా మరిది నోరు తెరిచి నిలబడ్డాడు. ఎండకేసి చూశాడు. ఉత్తరీయం మొహానికి పట్టుకున్నాడు. రాలేదు. పద్నాలుగేళ్ళకి ఒకటి వచ్చింది, రెండోది రావాలంటే ఇంకెన్నేళ్ళు పట్టాలి? మేమందరం చూస్తూ ఉన్నాం, విళాత్తికుళంలో చూసినట్టే.

"పోనీ వదినె" అన్నాడు చివరికి. ఉత్తరీయం భుజంమీదినుంచి తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు. "కోడి దొరికె కదా."

"హచ్చు."

అందరం తల తిప్పాం. పుష్పం నిలబడి ఉంది. తల వంచలేదు, కళ్ళు మూయలేదు. బళ్ళో పిల్ల పలకమీది అక్షరం చదివినట్టు, ఆ మాట అంది.

అవ్వ దగ్గరికి పోయి మనవరాలి మొహంలోకి చూసింది. "ఇదేమి?"

"తుమ్ము అవ్వా."

"ముక్కు తడవలేదే."

"నా తుమ్ము అట్లనే ఉంటాది."

"పంతొమ్మిదేండ్లు పెంచినాను, ఈ తుమ్మును సూడలేదే."

"అవసరం రాలా."

అవ్వ ఆ పిల్లను చూసింది, మా మరిదిని చూసింది. మా మరిది ఉత్తరీయం సగం మడతతో అలాగే పట్టుకుని ఉన్నాడు. గదిలో ఎవరమూ నవ్వలేదు. నవ్వితే ఆ తుమ్ము చెల్లదని మా అందరికీ తెలుసు.

"ఎవురు తుమ్మినా రెండోది రెండోదే" అంది అవ్వ. "నల్లసామీ, సెయ్యి నొప్పెట్టలేదా? తట్ట ఇయ్యరా!"

సాయంత్రం మమ్మల్ని రైలెక్కించడానికి పిల్ల తరఫువాళ్ళూ స్టేషన్‌కి వచ్చారు, మొగవాళ్ళు దూరంగా ఉన్నారు. నేను ఆ పిల్లను మెల్లగా అడిగాను. "ఏమ్మా, కొలువు సిన్నది, వయసు ముప్పై దాటింది, ముక్కు ఇట్లాంటిది. నీకు ఏమి నచ్చింది?"

పుష్పం పట్టకారు పట్టిన వేళ్ళు చూసుకుంది.

"మా ఊళ్ళో ఎంతమందికో ముండ్లు తీసినాను అక్కా" అంది. "కదలద్దంటే కదలకుండా కూచున్న మొగవాణ్ణి ఇప్పుడే సూస్తాండాను."